ముని తల ఎవరి పొలం కింద?

పదవీ విరమణ రోజున నాకు పదకొండు శాలువాలు కప్పారు. నెల మే. ఊరు నరసరావుపేట. హాల్లో రెండు ఫ్యాన్లు ఉండగా ఒకటి మాట్లాడేవాళ్ల వైపు తిరిగి ఉంది, రెండోది నాకంటే ముందే రిటైరైంది. ముప్పై నాలుగేళ్లు పల్నాడు ఎండలో సర్వే గొలుసు లాగిన మనిషికి ఆఖరి రోజున ఉన్నట్టుండి చలి పుడుతుందని మనవాళ్లకు ఎందుకనిపిస్తుందో నాకు తెలియదు. తువ్వాలు ఇవ్వొచ్చు. గొడుగు ఇవ్వొచ్చు. మంచి చెప్పుల జత ఇచ్చినవాణ్ని జీవితాంతం తలచుకునేవాణ్ని. పది శాలువాలు బీరువాలో ఉన్నాయి. పదకొండోదానికి మాత్రం ఉద్యోగం దొరికింది. దాని సంగతి తర్వాత.

ఇది రాయమని అడిగింది కొత్తగా చేరిన గ్రామ సర్వేయర్లు. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండు, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. రానివాటి గురించి మొదలుపెడితే మీకు నిద్ర వస్తుంది, నాకు పోతుంది. ఫైళ్ల గురించి కూడా రాయను. అవి మిమ్మల్ని ఎలాగూ వెతుక్కుంటూ వస్తాయి. మన పనిలో అసలు కొలవాల్సింది నేలే అయినా, దాని మీద జనం పేర్చుకున్న కథలను తొక్కకుండా నడవడం ఎవరూ నేర్పరు. అది నాకు ఎలా వచ్చిందో, ఎలా రాలేదో చెప్తాను.

రాయి పాతితే

చేరిన రెండో ఏడు నూజెండ్ల దగ్గర ఇద్దరు అన్నదమ్ముల చేల మధ్య హద్దు రాయి పాతాను. ఏడాది తిరక్కుండానే తమ్ముడు అర్జీ పెట్టాడు, రాయి తన వైపు రెండడుగులు జరిగిందని. వెళ్లి చూస్తే రాయికి పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ, ముందు రెండు నిమ్మకాయలు. అన్న భార్య చెప్పులు విడిచి దూరంగా నిలబడింది.

"భూమిలోంచి తనంతట తానే లేచిందయ్యా తల్లి" అంది.

ఆ తల్లి ట్రాక్టర్ మీద వచ్చిందనీ, పాతించింది నేనేననీ, కూలికి నా జేబులోంచి ఇచ్చి ఆ డబ్బు కోసం ఇప్పటికీ ఎదురు చూస్తున్నాననీ చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"రావాలని ఆమెకే బుద్ధి పుట్టింది. అందుకే మీ చేత మోయించింది."

దీనికి మన సర్వే మాన్యువల్‌లో జవాబు లేదు. కొలిచాను. రాయి నేను పెట్టిన చోటే ఉంది, తమ్ముడి గట్టే నాగలితో పాటు నడిచింది. మామూలుగా అయితే ఇద్దరూ కోర్టుకు పోయేవాళ్లు. తల్లితో పేచీ ఎందుకని తమ్ముడు గట్టు వెనక్కి వేసుకున్నాడు. నేను పాతిన వందల రాళ్లలో ఇవాళ్టికీ కదలనిది అదొక్కటే. జనం నమ్మకం మన పనికి అడ్డమని నా పై అధికారి ఒకాయన తరచూ అనేవారు. ఆయన పాతిన రాళ్లు ఒక్కటీ మిగల్లేదు.

తల మాది, కాళ్లు మీవి

అసలు సంగతి బిలం గురించి. పదిహేనేళ్ల కిందటి మాట. అప్పటికి మనది ఇంకా గుంటూరు జిల్లా. ఊళ్ల పేర్లు చెప్పను, రెండు ఊళ్ల నుంచీ నాకింకా పెళ్లి శుభలేఖలు వస్తున్నాయి. తూర్పు ఊరు, పడమటి ఊరు అందాం. మధ్యలో సున్నపురాతి గుట్ట. గుట్టలో బిలం. లోపల చివరికంటా పోతే ఒక లింగం. దాని వెనక రాతిలో మనిషి పడుకున్నట్టు ఒక ఆకారం. ఎప్పుడో ఒక ముని అలసిపోయి వచ్చి, ఎవరూ లేపని చోటు ఇదేనని పడుకున్నాడట. ఇంకా లేవలేదు. పల్నాటిలో ఏ బిలానికైనా ఒక ముని, శ్రీశైలానికి ఒక దారి, లోపలికి పోయి తడిసిన కొమ్ములతో ఎక్కడో తేలిన ఒక మేక తప్పనిసరి. ఈ బిలానికి మూడూ ఉన్నాయి.

బిలం నోరు తూర్పు ఊరి పొలిమేరలో ఉంది. అందులో పేచీ లేదు. పేచీ అంతా లోపలి ముని గురించే. లోపలికి పోయేకొద్దీ బిలం పడమటికి తిరుగుతుంది. కాబట్టి ముని తల తమ చేల కిందే ఉందనీ, తమ బావుల్లో నీళ్లు తియ్యగా ఉండటానికి కారణం ఆయన కమండలమేననీ పడమటి ఊరివాళ్ల కథ. "తల వాళ్ల వైపుంటే ఉండనీండి, దణ్ణం పెట్టేది కాళ్లకే గదా" అని తూర్పు ఊరివాళ్ల కథ. మూడు తరాల పాటు ఈ మాటలతోనే గడిచింది. ఎవరికీ నష్టం లేదు.

పడమటి ఊరి పెద్ద కోటయ్య గారికి డెబ్బై దాటాక ఒక ఆలోచన వచ్చింది. ముని తల తమ పొలం కిందే ఉందని సర్కారు కాగితం మీద తేలితే, అక్కడే పైనుంచి బావిలా తొలిపించి, మెట్లు కట్టి, లైట్లు పెట్టి, నేరుగా స్వామి ముందు దిగవచ్చని. తూర్పు ఊరి నోట్లోంచి పాకుతూ పోవాల్సిన పని ఉండదు. చందాలు పోగయ్యాయి. రాయి పేల్చే మనిషిని మాట్లాడారు. మిగిలింది మనమే. ముని తలకు గుర్తు పక్కనున్న లింగమే కాబట్టి, "లింగము ఏ గ్రామ పొలిమేర క్రింద ఉన్నదో కొలిచి నివేదించవలెను" అని నాకు కాగితం వచ్చింది.

ఆ కాగితంలో లేని ఒక మనిషి ఉంది. సైదాబీ.

బిలంలోకి ఎవరు పోయినా ముందు దీపం పట్టుకుని నడిచేది ఆమె కుటుంబం. దూది ఏకే వాళ్లు. దానికీ ఒక కథ ఉంది. పడుకునే ముందు ముని దీపం అడిగాడట. ఒకళ్లు వెండి ప్రమిద తెచ్చారు, ఒకళ్లు ఆవునెయ్యి తెచ్చారు, వత్తి తేవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అటుగా పోతున్న దూదేకులాయన భుజాన ఉన్న మూటలోంచి చిటికెడు దూది తీసి నలిపి ఇచ్చాడు. "ఇక నా దగ్గరకు ఎవరొచ్చినా ముందు నీ దీపం రావాలి" అన్నాడట ముని. అప్పటినుంచీ అదే వరస. పరుపులు యంత్రాలు కుట్టడం మొదలయ్యాక ఆ ఇంట్లో దూది పని పోయింది. సైదాబీ భర్త కూడా పోయాడు. ఆమె నరసరావుపేటలో ఒక పరుపుల కొట్లో దిండ్లు నింపేది. పండగలకూ శనివారాలకూ మాత్రం వచ్చి దీపం పట్టేది. పైనుంచి మెట్లు పడితే ఆ దీపంతో ఎవరికీ పని ఉండదు. ఇది అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, ఆమె కూడా.

వెనక్కి చూడొద్దు

కొలవడానికి నేనూ, గొలుసు పట్టే చైన్‌మన్ బాలస్వామీ వెళ్లాం. బాలస్వామి నాకంటే పదేళ్లు పెద్ద, యాభై కిలోలుండేవాడు, అందులో సగం అనుభవం. దిక్కులు చూడటానికి ప్రిస్మాటిక్ కంపాస్ తీసుకెళ్లాను. పెద్ద యంత్రం ఆ సందుల్లో పట్టదు. పట్టినా జిల్లా ఆఫీసు ఇవ్వదు.

బిలం నోటి దగ్గర సైదాబీ ఆముదపు దీపం వెలిగించి, నాకు రూల్సు చెప్పింది.

"లోన గట్టిగా అరవమాకండి. తుమ్మొస్తే ఆపుకోండి. పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూడమాకండి."

"చూస్తే ఏమవుద్దమ్మా?"

"నాకేం తెలుసు సారూ. చూసినోళ్లెవరూ వచ్చి చెప్పలేదు."

బాలస్వామి నవ్వలేదు. నేను నవ్వాను. డిగ్రీ చదివినవాణ్ని కదా.

లోపల ఒక్కో చోటుకు ఒక్కో పేరు. గడప. చల్లకుండ, అంటే కుండలా ఉబ్బిన రాయి. తర్వాత గొర్రెగొంతు. అక్కడ పక్కకి తిరిగి, ఊపిరి వదిలి, నడుము కొలతతో నిమిత్తం లేకుండా దాటాలి. అది దాటాక శూలాల సావడి. ఎత్తయిన గది. మొక్కు తీరినవాళ్లు తెచ్చి గుచ్చిన ఇనుప త్రిశూలాలు తరతరాలవి గోడవారగా అడవిలా ఉన్నాయి. అక్కడ ఎడమకి తిరిగితే పొడుగాటి దారి, చివర స్వామి.

కంపాస్ పని తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క. ఒక చోట నిలబడి ముందున్న చోటుకి దిక్కు చూస్తాం. అక్కడికి వెళ్లాక వెనక్కి తిరిగి, వదిలి వచ్చిన చోటుకి మళ్లీ దిక్కు చూస్తాం. రెండింటికీ సరిగ్గా నూట ఎనభై డిగ్రీలు తేడా రావాలి. రాకపోతే దగ్గర్లో ఇనుమేదో సూదిని లాగుతోందన్నమాట. దీన్ని వెనక బేరింగ్ అంటారు. ట్రైనింగ్‌లో రెండో రోజు చెప్తారు.

ఆ రోజు బిలంలో నేను ఒక్క వెనక బేరింగ్ కూడా తీయలేదు. ఎందుకంటే ఉక్క. కంపాస్ అద్దం మీద చెమట. దీపంలో ఆముదం తగ్గుతోంది. తర్వాత రాసిచ్చిన సంజాయిషీలో "పొరపాటున మరచితిని" అని రాశాను. ముందు చూపు మాత్రం శ్రద్ధగా తీశాను.

పటం గీశాను. గుట్ట మీద అదే పటం ప్రకారం కొలుచుకుంటూ దిగి, పడమటి వాలులో కోటయ్య గారి జొన్నచేలో ఒక మేకు కొట్టాను. లింగం సరిగ్గా దీని కింద. కోటయ్య గారు మేకుకి కొబ్బరికాయ కొట్టారు. నాకు మజ్జిగ ఇచ్చారు. తూర్పు ఊరివాళ్లు మొహాలు వేలాడేసుకుని "సరేలే, కాళ్లన్నా మాయే" అనుకుంటూ పోయారు. సోమవారం బ్లాస్టింగ్ మొదలన్నారు. ఇది గురువారం.

విల్లు

శుక్రవారం పొద్దున సైదాబీ ఆఫీసుకి వచ్చింది. వరండాలో నిలబడి చెంగుతో మొహం తుడుచుకుంది.

"సారూ, మీ మేకు తప్పు. ఆడ సామి లేడు."

"నీకెట్టా తెలుసు?"

"గుట్ట మీద నడిచి చూసినా. మా లెక్కన ఇంకా పక్కకి రావాలి. మీరు సావడి కాడ మలుపు తక్కువేసినట్టున్నారు."

నేను ఇచ్చిన జవాబు ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది, కాబట్టి రాస్తాను. "అమ్మా, ఇది ప్రభుత్వ కొలత. దీపం పట్టినంత తేలిక కాదు" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "మీ ఇష్టం. ఆ మేకు కాడ మందు పెడితే పక్క బండ కదిలి సావడి కూలుద్ది. మా తాతలనాటి దారి పోద్ది. నా దీపం ఎట్టాగూ పోయేదే గానీ, సామి మీద రాళ్లు పడితే బాగోదు" అంది. అని వెళ్లిపోయింది.

బాలస్వామి గోడకి ఆనుకుని బీడీ తాగుతున్నాడు. "సారూ, వాళ్లింట్లో విల్లుంది. ఏటా కొలుస్తారు. ఒకసారి చూసొద్దాం పదండి" అన్నాడు.

"విల్లుతో ఏం కొలుస్తారయ్యా?"

"మనం గొలుసుతో ఏం కొలుస్తాం?"

వెళ్లాం. రెండు గదుల ఇల్లు. దూలానికి రెండు దూదేకే విళ్లు వేలాడుతున్నాయి, రెండూ ఒకే పొడవు, మేకనరం నారి. కొలిచాను. అయిదున్నర అడుగులు. అప్పుడు సైదాబీ చెప్పింది, ఏటా తొలి ఏకాదశికి ముందు తనూ, తన తోడికోడలూ ఈ విళ్లను గడప దగ్గర మొదలుపెట్టి, ఒకదాని చివర ఒకటి పెట్టుకుంటూ స్వామి దాకా కొలుస్తారట. ఎప్పుడో ఒక ఏడు కొలవకపోతే ముని నిద్రలో ఒత్తిగిలాడనీ, గుట్ట ఉరిమిందనీ, బావులు ఎండాయనీ కథ. అందుకని ఏటా కొలిచి, లెక్క కుదిరిందని ఆయనకు చెప్పి వస్తారు.

"ఏమని చెప్తారు?"

"'సరిపోయింది సామీ, పడుకో' అంటాం."

మన శాఖ రీసర్వే వందేళ్లకొకసారి చేస్తుంది. వీళ్లు ఏటా చేస్తున్నారు. జీతం లేదు, టీఏ లేదు.

"ఆ లెక్క చెప్పమ్మా" అన్నాను. ఆమె దిండు నింపుతూనే చెప్పింది, పిల్లలు ఎక్కం చెప్పినట్టు.

"గడప నుంచి చల్లకుండకి ఇరవై నాలుగు. నారి కుడికి, మూడు జానలు. చల్లకుండ నుంచి గొర్రెగొంతుకి ముప్పై ఒకటి. నారి ఎడమకి, రెండు జానలు. గొర్రెగొంతు నుంచి శూలాల సావడికి ఇరవై ఏడు. నారి ఎడమకి, అయిదు జానలు. సావడి నుంచి సామి దాకా ముప్పై ఆరు."

విళ్ల లెక్క అర్థమైంది. జానలేమిటో అర్థం కాలేదు. ఆమె లేచి రెండు విళ్లూ నేల మీద పెట్టి చూపించింది. మలుపు దగ్గర ఒక విల్లు పాత దారి వెంబడే ముందుకు పెడతారు. రెండోది కొత్త దారి వెంబడి పెడతారు. వెనక కొనలు రెండూ కలిసే ఉంటాయి. ముందు కొనల మధ్య ఎన్ని జానల ఎడముందో అదే మలుపు. నారి ఎటు ఉంటే అటు తిరగాలి.

కంపాస్ లేకుండా గొలుసుతోనే కోణం పట్టే పద్ధతి అదే. దాన్ని నాకు కాలేజీలో ఒక లెక్చరర్ నెల రోజులు చెప్పాడు, అయినా పరీక్షలో పోయింది. ఈ ఇంట్లో దాన్ని ఎక్కంలా పాడుకుంటున్నారు. ఇనుము దాన్ని ఏమీ చేయలేదు. త్రిశూలాలు ఎన్ని గుచ్చినా జాన జానే.

నరసరావుపేటలో గ్రాఫు కాగితం కొని, హోటల్ బల్ల మీద రెండు లెక్కలూ పక్కపక్కన గీశాను. దూరాలు అంగుళాల్లో కలిశాయి. మొదటి రెండు మలుపులూ కలిశాయి. మూడోది, శూలాల సావడి దగ్గరిది, కలవలేదు. ఆమె అయిదు జానలు నలభై డిగ్రీలు. నాది ఇరవై నాలుగు.

ఆ మధ్యాహ్నమే మళ్లీ బిలంలోకి వెళ్లాం. సైదాబీ ముందు, నేను వెనక. స్వామి దగ్గరకు పోయి నిలబడ్డాను. కంపాస్ చేతిలో ఉంది. వెనక్కి తిరగాలి.

ఆమె దీపం ఎత్తి పట్టుకుంది. "తిరగండి సారూ. వెనక్కి చూడగూడదనేది మొక్కుకోను వచ్చినోళ్లకి. కొలిచేటోళ్లకి కాదు. మేం తిరిగి చూడకపోతే లెక్కెట్టా తేలుద్ది?"

అలాంటివి నేను నమ్మనని ఆమెకు వివరించాను. తిరిగాను. చూశాను. నూట ఎనభైకి పదహారు తేడా.

ఒప్పుకోవడం

అప్పటి మా తాసిల్దారు గారు మాట పొదుపు మనిషి. పెళ్లిలో అక్షింతలు కూడా లెక్కబెట్టి వేసేవారు. శనివారం పొద్దున్నే వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు.

"నివేదిక పైకి వెళ్లిపోయింది కదయ్యా."

"వెళ్లిందండి."

"తప్పని నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

"సైదాబీకి, బాలస్వామికి."

"వాళ్లు పైకి చెప్పుకునే మనుషులా?"

"కాదండి."

ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. అక్కడ చూడటానికి సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు. ఆయన ఏం ఆలోచిస్తున్నారో నాకు తెలుసు. నేనూ రాత్రంతా అదే ఆలోచించాను. ఊరుకుంటే ఏమవుతుంది? యాభై అడుగులు తవ్వి ఏమీ దొరక్క వాళ్లే ఆపేస్తారు. సావడి కూలితే పాత గుట్ట, కూలింది అంటారు. దీపం పట్టే ఆవిడ దిండ్లు కుట్టుకుంటుంది. నా సర్వీసు పుస్తకం శుభ్రంగా ఉంటుంది.

"ఎవరూ చెప్పుకోరు కాబట్టి మనమే చెప్పాలి" అన్నారు చివరికి. "చెప్పుకునేవాళ్లయితే రెండు రోజులు ఆగి చూసేవాణ్ని. వెళ్లు. ఆ కోటయ్య గారికి నువ్వే చెప్పు. అందరి ముందూ చెప్పు. మజ్జిగ తాగిన చోటే."

నా ఉద్యోగంలో నాకు నచ్చిన అధికారులు ఇద్దరే. ఆయన ఒకరు. రెండో ఆయన పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

గొడ్ల చావడి

ఆదివారం సరైన లెక్కతో మళ్లీ గుట్ట మీద నుంచి కొలుచుకుంటూ దిగాం. రెండు ఊళ్లవాళ్లూ వచ్చారు. రాయి పేల్చే మనిషి కూడా తన పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పాత మేకు దాటాం. యాభై అడుగులు పక్కకి వచ్చాం. గొలుసు కోటయ్య గారి గొడ్ల చావడిలోకి పోయింది. ఆరు బర్రెలు లేచి నిలబడ్డాయి. బాలస్వామి వాటి మధ్యలోంచి వంగి పోయి, పేడకుప్ప పక్కన నిలబడి, "ఇక్కడ సారూ" అన్నాడు.

తప్పు నాదని, ఇనుము సూదిని లాగిందని, వెనక బేరింగ్ తీయలేదని, సైదాబీ విల్లు లెక్కే సరైనదని గట్టిగా చెప్పాను. పొలిమేర ప్రకారం లింగం పడమటి ఊరి కిందే ఉందని, ఆ మేరకు వాళ్ల కథ నిజమేనని కూడా చెప్పాను.

కోటయ్య గారు అది వినడం లేదు. ఆయన చావడి నేల వైపు చూస్తున్నారు.

"ఏమయ్యా సర్వేరూ, అంటే మా తాత నాటి నుంచీ సామి నెత్తిన..." అని ఆగిపోయారు.

తూర్పు ఊరివాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. "అందుకే మేం కాళ్లతోటే సరిపెట్టుకున్నాం" అని గుంపులోంచి ఒక గొంతు.

కోటయ్య గారి మొహం ఎర్రబడింది. కొట్లాట తప్పదనుకుని నేను గొలుసు చుట్టుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు సైదాబీ ముందుకు వచ్చింది. ఆమెకు ఆయన ఊరి వరసన మామ.

"నువ్వు బాధపడమాక మావా. ఇన్నేళ్లు బర్రెలు నెమరేస్తా పడుకుంటే, ఆ సవ్వడికే సామి కమ్మగా నిద్రపోయుంటాడు. గుళ్లో మైకులున్న చోటయితే ఎప్పుడో లేచిపోయేవాడు."

పెద్దాయన ఆమెను చూశారు. తర్వాత బర్రెలను చూశారు. మొదట మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు. నవ్వుతూ గట్టు మీద కూర్చుండిపోయారు.

"పెట్టె సర్దుకో నాయనా" అన్నారు రాయి పేల్చే మనిషితో. "సామి నెత్తిన మందు పేలుస్తామా ఏంది."

"మరి మెట్లు, కోటయ్య మావా?" అడిగింది సైదాబీ.

"మెట్లూ లేవు, గిట్లూ లేవు. ఏమే, ఈసారి ఏకాదశికి నీ దీపం ఎనకమాల నేనూ వస్తా. ముప్పై ఏళ్లయింది వాళ్ల నోట్లో నుంచి లోపలికి పోక."

వచ్చారు. నేనూ వెళ్లాను. గొర్రెగొంతులో ఆయన ఇరుక్కుపోయారు. అవతల నుంచి సైదాబీ "ఊపిరొదులు మావా, పట్టుదల కూడా కాస్త వదులు" అంటుంటే, ఇవతల నుంచి తూర్పు ఊరివాళ్లు నలుగురు నెట్టారు. మూడు తరాల తర్వాత రెండు ఊళ్లూ కలిసి చేసిన మొదటి పని అదే.

పోగైన చందాలతో బిలం దారిలో పట్టుకోవడానికి తాళ్లు కట్టించారు. ఇనుపవి వద్దని నేనే చెప్పాను. కోటయ్య గారు గొడ్ల చావడిని పక్క చేలోకి మార్చారు, మరీ దూరం కాదు, నెమరు వినిపించేంత దూరం. ఆయన పోయాక కూడా కొడుకులు అలాగే ఉంచారు. ముని బర్రెల నెమరుకి నిద్రపోతాడన్నది ఇప్పుడు పడమటి ఊరి పాత కథ. మొన్న ఒకాయన నాకే చెప్పాడు, వాళ్ల ముత్తాత చెప్పాడట.

రోవర్

ఈ మధ్య కొత్త గ్రామ సర్వేయర్లు ఇరవై మందిని ఆ బిలానికి తీసుకెళ్లాను. వాళ్ల చేతుల్లో రోవర్లు. ఆకాశంలోని ఉపగ్రహాలను పట్టుకుని నిలబడిన చోటును రెండు వేళ్ల తేడాతో చెప్తాయి. మంచి యంత్రాలు. నాకు అసూయగా ఉంది, దాచుకోను. గడప దాటి నాలుగడుగులు వేయగానే ఇరవై రోవర్లూ ఒకేసారి కేకలు పెట్టి ఊరుకున్నాయి. బండ కింద ఆకాశం ఉండదు.

దీపం ఇప్పుడు సైదాబీ కోడలు పడుతోంది. సైదాబీ బయట రాతి మీద కూర్చుంటుంది. మోకాళ్లు ఒప్పుకోవు గానీ ఆ రోజు మాతో శూలాల సావడి దాకా వచ్చింది. విళ్లు రెండూ ఒక శాలువాలో చుట్టి తెచ్చారు. పదకొండోది అదే. జరీ అంచు మీద నా పేరు కుట్టి ఉంది. విల్లుకి చలి వేస్తుందో లేదో తెలియదు గానీ, నారికి చెమ్మ తగలకూడదట. పిల్లలు విళ్లు పరిచి, జానలు వేసి, కాగితం మీద గీశారు. బయటికి వచ్చాక ఫోనుల్లో లెక్క వేసి, ఉప్పలపాడు అమ్మాయి ఒకతి ముందుగా అరిచింది, "సార్, పాత గొడ్లచావడి దగ్గరికే వచ్చింది!" వాళ్ల మొహాలు చూస్తే ఈ శాఖ మీద నాకు చాలా ఏళ్ల తర్వాత ఆశ పుట్టింది.

గడప దగ్గర అందరినీ కూర్చోబెట్టి నా తప్పు చెప్పాను, ఏదీ దాచకుండా. ఉక్క, చెమట, తరుగుతున్న ఆముదం. "వెనక బేరింగ్ తీయడం మర్చిపోయాను. మీరు మర్చిపోవద్దు. మన పనిలో ముందుకి చూడటం ఎవరైనా చేస్తారు" అన్నాను. ఇరవై మందీ పుస్తకాల్లో రాసుకున్నారు.

పక్కన రాతి మీద సైదాబీ విళ్లను మళ్లీ శాలువాలో చుడుతోంది. తలెత్తకుండానే అంది:

"మర్చిపోలేదమ్మా సారు. బయపడ్డాడు."